పాపది ఏ దేశం లాయర్ గారూ?

ప్రశ్న: నమస్కారం లాయర్ గారూ. మాది కందుకూరు, రిటైర్డ్ టీచర్ని. మా చిన్నోడు 2016లో ఎమ్మెస్‌కి అమెరికా పోయినాడు. చదువయినాక ఉద్యోగం దొరికింది గానీ హెచ్‌వన్ లాటరీలో మూడుసార్లూ పేరు రాలా. ఆ తర్వాత ఏం చేస్తుండాడో మాకు చెప్పలా, అడిగితే అంతా బాగానే ఉండాది నాయనా అనేవాడు. ఇప్పుడు తెలిసిందేందంటే స్టేటస్ పోయి నాలుగేళ్ళయింది, కోడలిదీ అదే కథ. 2023లో అక్కడే పాప పుట్టింది. మా ఈధిలో ఒకాయన పాప సిటిజన్‌షిప్ పీకేస్తారంట అంటాడు, ఇంకొకాయన పాప ఉందిగా ఇంక మీవాడికి గ్రీన్‌కార్డ్ వచ్చినట్టే అంటాడు. ఏది నిజం? అసలు ఇట్టా కాగితాల్లేని వాళ్ళ పిల్లలకి పౌరసత్వం ఇవ్వడం న్యాయమేనా, నా సొంత మనవరాలే అయినా నాకే డౌటుగా ఉండాది.

జవాబు: మాస్టారూ, మీ ఈధిలో ఇద్దరూ తప్పే, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకాలు. పాప సంగతి ముందు చెప్తా. అమెరికా రాజ్యాంగానికి 1868లో చేసిన 14వ సవరణ ఉంది, అక్కడ పుట్టి అక్కడి చట్టం పరిధిలో ఉన్నోళ్ళంతా ఆ దేశ పౌరులే అని. అది తెచ్చింది మనలాంటి వలసోళ్ళ కోసం కాదు, బానిసలుగా బతికిన నల్లజాతి వాళ్ళ కోసం, ఎందుకంటే 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు నల్లవాళ్ళు పౌరులే కాదు పొమ్మంది. ఆ తీర్పుని తుడిచెయ్యడానికి రాసిన వాక్యం అది.

తర్వాత వాంగ్ కిమ్ ఆర్క్ అనే కుర్రాడి కేసొచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టినాడు, అమ్మానాన్న చైనా వాళ్ళు, చైనా పోయి 1895లో తిరిగొస్తే నువ్వు ఈ దేశపోడివి కాదని ఓడ దిగనీలేదు. 1898లో సుప్రీంకోర్టు, ఇక్కడ పుట్టినాడు కాబట్టి ఇక్కడి పౌరుడే అని చెప్పింది. అయితే వాంగ్ అమ్మానాన్న ఆ రోజుల్లో అక్కడ సక్రమంగానే కాపురం ఉన్నోళ్ళు. పుట్టుక పౌరసత్వం వద్దనేవాళ్ళు ఇప్పుడు పట్టుకున్న పాయింటు అదే, ఆ తీర్పు కాగితాల్లేని వాళ్ళ పిల్లలకి వర్తించదని. ట్రంప్ 2025 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే సంతకం పెట్టిన ఉత్తర్వు కూడా ఆ వాదన మీదే నిలబడింది. మన తెలుగోళ్ళు గమనించాల్సింది ఏందంటే అందులో కాగితాల్లేనోళ్ళ పిల్లలే కాదు, అమ్మ స్టూడెంట్ వీసా మీదో హెచ్‌వన్ మీదో సక్రమంగానే ఉండి, నాన్నకి కనీసం గ్రీన్‌కార్డ్ లేకపోయినా ఆ బిడ్డ పౌరుడు కాదనే రాసినారు. కింది కోర్టులు వెంటనే ఆపినాయి, అది మళ్ళీ సుప్రీంకోర్టు దాకా పోయింది, ఆ పురాణం ఇక్కడ వద్దు. మీకు కావాల్సిన మాట ఒక్కటే, ఆ ఉత్తర్వు రాసిందే సంతకమైన నెల తర్వాత పుట్టే పిల్లల గురించి. మీ మనవరాలు 2023లో పుట్టింది. నిద్రపోండి.

ఇంక గ్రీన్‌కార్డ్ సంగతి. పాపని చూపిస్తే ఏదీ రాదు. ఆ బిడ్డకి 21 ఏళ్ళు నిండినాక, అంటే 2044లో, అమ్మానాన్న కోసం అప్లై చెయ్యొచ్చు, అంతే. మీవాడు వీసా మీద ఎయిర్‌పోర్టులో స్టాంపు వేయించుకుని దిగినోడు కాబట్టి అప్పుడు అక్కడుండే దరఖాస్తు చేసుకునే దారి ఉంటుంది, అదీ చట్టం ఇట్టాగే ఉంటే. అదే డంకీ కొట్టి బోర్డర్ దాటినోళ్ళకైతే ఆ దారి కూడా దాదాపు లేదు. మధ్యలో బయటికొస్తే అక్రమంగా ఉన్న కాలాన్ని లెక్కేసి మూడేళ్ళో పదేళ్ళో రానీకుండా ఆపే రూలు 1996లో పెట్టినారు. స్టూడెంట్ వీసా మీద పోయినోళ్ళకి ఆ లెక్క వేసే పద్ధతి వేరే, కాబట్టి అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవకుండా నాయనకి బాగాలేదనో చెల్లెలి పెళ్ళనో టికెట్ కొనొద్దని మీరే గట్టిగా చెప్పండి. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది మాస్టారూ.

న్యాయమా అని అడిగినారు, కింద ఒంగోలు తమ్ముడు అదే కోపంగా అడిగినాడు, అక్కడ చెప్తా.

ప్రశ్న: సార్, నేను ఒంగోల్లో సాఫ్ట్‌వేర్ జాబ్ వర్క్ ఫ్రం హోం చేస్తున్నా. మా అక్కావాళ్ళు అమెరికాలో పన్నెండేళ్ళుగా సక్రమంగా పన్నులు కడుతూ గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నారు, నాలుగేళ్ళప్పుడు తీసుకుపోయిన మా మేనల్లుడికి 21 వస్తే డిపెండెంట్ వీసా పోయి, వేరే వీసా దొరక్కపోతే వాడు బయటికి పోవాల్సిందే. అదే దొంగదారిన పోయినోళ్ళకి అక్కడ పుట్టిన బిడ్డ మాత్రం సిటిజన్. ఇదేం న్యాయం సార్, తప్పు చేసినోడికే లడ్డూనా?

జవాబు: తమ్ముడూ, నీ కోపంలో న్యాయముంది. మీ మేనల్లుడి లాంటి పిల్లలకి చిన్నప్పుడే అక్కడికి తెచ్చిన పిల్లల్ని వెనక్కి పంపకుండా ఆపడానికి 2012లో ఒబామా తెచ్చిన డాకా పథకం కూడా దక్కలా, ఎందుకంటే ఆ సంవత్సరం జూన్ 15 నాటికి కాగితాల్లేకుండా ఉండాలని దాని షరతు. అంటే రూలు పాటించినందుకే అట్టాంటి పిల్లలు లిస్టులో లేరు. ఇంతకన్నా ఎకసెక్కం చట్టంలో నేను చూడలా.

కానీ చూడు, మీ మేనల్లుడికి అన్యాయం జరిగిందంటే దానికి మందు మీ మేనల్లుడికి ఇవ్వడం, ఇంకో బిడ్డ దగ్గర లాక్కోవడం కాదు. నాలుగేళ్ళప్పుడు విమానం ఎక్కినప్పుడు మీవాణ్ణి ఎవరూ అడగలా, అక్కడ పుట్టినోణ్ణీ ఎవరూ అడగలా. ఇద్దరూ అదే బడికి పోయినారు, అదే యాసలో మాట్లాడతారు. నన్నడిగితే ఇద్దరికీ ఇవ్వాల. బిడ్డకి ఇవ్వడం వేరు, బిడ్డని అడ్డం పెట్టుకుని పెద్దోళ్ళకి ఇవ్వడం వేరు, రెండోది నేను అడగడం లా.

పుట్టగానే ఇవ్వడం ఇష్టం లేని దేశాలు కూడా మధ్యదారి పట్టినాయి. బ్రిటన్ 1983 నుంచి పుట్టినంత మాత్రాన ఇవ్వదు, అయితే అక్కడే పుట్టి పదేళ్ళు అక్కడే పెరిగిన పిల్లలు పౌరులుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 1986 ఆగస్టు 20 నుంచి అట్టాంటిదే, పదో పుట్టినరోజు దాకా అక్కడే ఉంటే పౌరుడైనట్టే. నాకు ఈ పద్ధతిలో ఒక మంచీ ఒక చెడ్డా కనిపిస్తాయి. మంచేమో కాన్పు కోసమే విమానం ఎక్కే డబ్బున్నోళ్ళకి అది పనికిరాదు, ఉండి పెరిగిన పిల్లోడికే పనికొస్తుంది. చెడ్డేమో ఆ పదేళ్ళు ఆ బిడ్డ పుట్టిన దేశానికి కాకుండా బతకాలి, తొమ్మిదో ఏట ఇంటిల్లిపాదినీ పంపించేస్తే అడిగే దిక్కు ఉండదు. 2025 ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో దిగిన అమెరికా మిలిటరీ విమానం గుర్తుందా, 104 మందిని తెచ్చి దించినారు, అందులో పిల్లలు కూడా ఉన్నారు.

ప్రశ్న: లాయర్ గారికి, గూడూరు నుంచి రాస్తన్నా. మా చెల్లెలు ఇంటిపనికి కువైట్ పోయి సేఠ్ ఇంట్లో పడలేక బయటికొచ్చేసి కల్లివెల్లి అయింది, అంటే కాగితాల్లేకుండా ఉంది. అక్కడే మనూరబ్బాయినే చేసుకుంది, బాబు పుట్టినాడు, ఎనిమిది నెలలు. వాడికి కువైట్ కాగితం ఏమన్నా వస్తదా, లేకపోతే ఏ దేశమూ కాకుండా పోతాడా?

జవాబు: కువైట్ ఇవ్వదమ్మా, అక్కడ జాతీయత తండ్రిని బట్టే, పుట్టిన చోటుని బట్టి కాదు. కానీ బాబు దిక్కులేనోడేం కాడు, అమ్మానాన్న ఇద్దరూ ఇండియా వాళ్ళు కాబట్టి మన 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ కింద వాడు మనవాడే. ఒక్క మెలిక ఉంది, పుట్టిన ఏడాదిలోపు అక్కడి మన ఎంబసీలో రిజిస్టర్ చెయ్యాలి, దాటితే ఢిల్లీ పర్మిషన్ కావాలి. నాలుగు నెలలే ఉంది. కల్లివెల్లి వాళ్ళు ఎంబసీ మెట్లెక్కడానికే భయపడతారు, ఆడ పట్టిస్తారేమోనని. అది మన ఎంబసీ తల్లీ, ఇంటికి తిరిగొచ్చేందుకు ఔట్‌పాస్ ఇచ్చేది కూడా వాళ్ళే. ఈ వారమే పొమ్మను.

ప్రశ్న: అన్నా, ఇందుకూరుపేట పక్కన మాకు రొయ్యల గుంటలుండాయి. గుంట కాడ కాపలాకి బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబం ఉండాది, ఆరేళ్ళ పిల్లోడు ఇక్కడే పుట్టినాడు. ఈ మధ్య ఊళ్ళో వీళ్ళు బంగ్లాదేశ్ వాళ్ళేమో అని గుసగుస. పిల్లోణ్ణి బళ్ళో వేద్దామంటే నాకెందుకులే అనిపిస్తుంది. చేర్పించొచ్చా? రేపు నా మీదికి వస్తదా?

జవాబు: తమ్ముడూ, అమెరికాలో పుడితే అమెరికా వాళ్ళు ఇవ్వాలని పైన ఇంత సేపు వాదించినాం కదా, మన దేశంలో ఆ రూలు ఎప్పుడో తీసేసినారు. 1987 జూలై 1 కంటే ముందు ఇక్కడ ఎవరికి పుట్టినా పౌరుడే. ఆ తర్వాత అమ్మో నాన్నో ఒకరన్నా పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఒకరు పౌరులైనా రెండోవాళ్ళు అక్రమంగా వచ్చినోళ్ళయితే బిడ్డకి రాదు. మన మనవరాలికి అక్కడ అడిగేది, ఎవడి మనవడికో ఇక్కడ మనం ఇవ్వం. నాతో సహా ఎవరం దీని గురించి పెద్దగా నిద్ర చెడగొట్టుకోలా.

నాకూ అట్టాంటి పిల్లోడొకడు తెలుసు. అల్లూరు దగ్గర క్లయింటు గుంట మీదికి పోతే గట్టు మీద చెక్‌ట్రే ఎత్తి చూస్తా ఉండినాడు, మేత మిగిలింది సార్, రొయ్య సరిగా తినలా అన్నాడు, అచ్చం మన నెల్లూరు మాటే. వాళ్ళ నాన్న నన్ను చూసి ఏం అడగకముందే లోపలికి పోయి పాలిథిన్ కవర్లో చుట్టిన కాగితాలు తెచ్చినాడు, బెంగాల్లో వాళ్ళ జిల్లా ఓటరు కార్డు, రేషన్ కార్డు, వాళ్ళ నాయన స్కూలు సర్టిఫికెట్. నేనడగలా. బెంగాలీ మాట్లాడితే బంగ్లాదేశ్ అయిపోడు, తెలుగు మాట్లాడేవాళ్ళంతా నెల్లూరోళ్ళు కానట్టే. నీ కాపలాదారు కూడా నూటికి తొంభై పాళ్ళు మన దేశపోడే అయ్యుంటాడు, అట్టయితే వాడి కొడుకూ అంతే.

ఒకవేళ కాకపోయినా బడి ఆపే హక్కు ఎవరికీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ ప్రతి బిడ్డకీ అంటుంది, పౌరుడైన బిడ్డకి అని అనదు. వయసు కాగితం లేదని చేర్చుకోకపోవడం కూడా కుదరదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం కాగితాల్లేని పిల్లలకి బడి ఆపబోతే 1982లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదంది, పెద్దోళ్ళు చేసినదానికి పిల్లల్ని శిక్షించొద్దని. ఒక్క ఓటు తేడాతో, అదీ గుర్తుపెట్టుకో.

బళ్ళో చేర్పించినందుకు నీ మీదికేం రాదు. స్కూలుకి పోయేటప్పుడు పిల్లోడు పుట్టిన ఆసుపత్రి కాగితం ఉంటే తీసుకుపో, లేకపోయినా పో. ఎవరన్నా వెనక్కి పంపితే ఎందుకు పంపినారో రాసివ్వమని అడుగు, నా అనుభవంలో రాసివ్వమంటే నూటికి ఎనభై మంది చేర్చుకుంటారు. సెలవులయి జూన్‌లో బడి తెరిచినాక ఏమైందో నాకొక కార్డు ముక్క రాయి.