కొత్త ఊళ్లో మనసు బాగోలేకపోతే

అమ్మడూ,

పచ్చళ్లూ దుప్పట్లూ సర్దిపెట్టడానికి మీ అమ్మ ఉంది. నేను రాసేది ఇంకో సంగతి.

హాస్టల్లో మొదటి రోజుల్లో ఇల్లు గుర్తొచ్చి ఏడుపు రావడం మామూలే, దానికి డాక్టరు అక్కర్లేదు. కానీ దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో దాదాపు రోజూ ఉండి, నిద్ర, ఆకలి, చదువు మీద ధ్యాస కూడా దెబ్బతిని, రెండు వారాలు దాటిందంటే ఇక ఆగొద్దు. తలకి పోసుకోవడం బద్ధకమవడం, మెస్‌కి వెళ్లకపోవడం, ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తకపోవడం పైకి కనిపించే గుర్తులు. చాలామందికి దిగులు కడుపునొప్పిగానో గుండెదడగానో బయటపడుతుంది. గ్యాస్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి.

నెలసరి తేదీలు రాసుకుంటూ ఉండు. ముందు వారం పది రోజులే ఏడుపూ కోపమూ వచ్చి, నెలసరి మొదలైన కొద్ది రోజులకి పోతుంటే ఆ సమస్య వేరు, వైద్యమూ కాస్త వేరు. రెండు నెలల తేదీలు చూపిస్తే డాక్టరుకి పోల్చుకోవడం తేలిక. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12 విటమిన్ పరీక్షలు కూడా అడుగు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా నీరసం, మందకొడితనం దిగులులాగే కనిపిస్తాయి.

కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటారు. క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మొహమాటపడకుండా అడుగు. వాళ్లు మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఖర్చుకి వెనకాడొద్దు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఓపీ ఉంది. ఆ పేర్లు వినగానే జనం నవ్వుతారు, నవ్వనీ. ఎక్కడికీ కదలలేని రోజున టెలీ మానస్ ఉంది, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, నంబరు 14416. ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

వెళ్లేముందు అరపేజీ రాసుకో: ఎప్పుడు మొదలైంది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఇప్పటికే వాడుతున్న మాత్రలు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా. గదిలోకి వెళ్లగానే చెప్పాల్సింది మర్చిపోయి "బాగానే ఉన్నానండీ" అనేవాళ్లే ఎక్కువ. చచ్చిపోవాలనిపిస్తుంటే ఆ మాటే అను, "బాగోలేదు" అని చుట్టు తిప్పకు. అలాంటి ఆలోచన వచ్చిన రాత్రి ఒక్కదానివే ఉండకు. మాత్రలు రూమ్మేట్ చేతికిచ్చి, 14416కి ఫోన్ చెయ్. ప్రాణం మీదకొచ్చేలా ఉంటే క్యాజువాలిటీకే.

నీకు పద్దెనిమిది నిండాయి, అమ్మానాన్నల సంతకం అవసరం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ వివరాలు డాక్టరు నీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకి చెప్పకూడదు. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

దిగులు మందులు రాస్తే గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం మాత్రం మొదటి వారమే వస్తుంది. అందుకే చాలామంది పది రోజులకే "పనిచేయలేదు" అని మానేస్తారు. నీ వయసువాళ్లకి మొదటి వారాల్లో అశాంతి, చెడు ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంది కాబట్టి వారం పది రోజులకి మళ్లీ కలవాలి. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఒక్కసారిగా ఆపితే తలతిప్పు, కరెంటు కొట్టినట్టు జిలజిలలు. తగ్గించుకుంటూ మానాలి, అదీ డాక్టరు చెప్పినట్టు. నిద్రమాత్ర ఇస్తే ఎన్ని రోజులకో అడిగి చీటీ మీద రాయించుకో, మందుల షాపులో పాత చీటీతో మళ్లీ కొనకు. వాల్‌ప్రోయేట్ (మూర్ఛకీ, మనసు విపరీతంగా ఎగిసిపడే జబ్బుకీ ఇచ్చే మందు) రాస్తే మాత్రం, గర్భం వస్తే కడుపులో బిడ్డకి హాని చేసే మందు అది, వేరేది ఉందా అని అడిగి తీరాలి.

అమ్మకి చెప్పాలనుకుంటే మొదటిసారి డాక్టరును కలిసొచ్చాక చెప్పు, జబ్బు పేరు, మందు పేరుతో సహా. ముందే చెబితే పెళ్లి సంబంధాల భయంతో "కొన్నాళ్లు చూద్దాం" అంటుంది. నాన్నతో నేను మాట్లాడతాను.

పెద్దమ్మ