ఆరు నెలలు సెల్లార్‌లో ఉన్న కారు: తాళం తిప్పేముందు బానెట్ ఎత్తండి

అమెరికాలో ఉన్న అన్నయ్య కారు ఆరు నెలలుగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కదలకుండా ఉంది, ఆయన సంక్రాంతికి వచ్చేలోపు స్టార్ట్ చేసి పెట్టాలి, కొత్త బ్యాటరీ వేస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు అన్నారు. మా బావగారూ విదేశంలోనే ఉంటారు. ఆయన కారు కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ కిందే ఉంటుంది, తాళాలు నా దగ్గర. కాబట్టి ఈ పని నాకు బాగా అలవాటే.

బ్యాటరీ గురించి పెద్దగా బెంగ పడకండి. ఆరు నెలలకు అది డౌన్ అవకపోతేనే ఆశ్చర్యం. జేబుకు చిల్లు పెట్టేవి వేరే ఉన్నాయి: ఎలుకలు, పట్టేసిన బ్రేకులు.

ముందు బానెట్ ఎత్తి టార్చ్ వేసి మూలమూలలా చూడండి. మా బావగారి బండిలో ఒకసారి ఇంజిన్ మీద ప్లాస్టిక్ కవర్ తీస్తే కింద కొబ్బరి పీచు, బానెట్ లోపలి షీటు నుంచి పీకిన దూది, గీకి తినేసిన కోడి ఎముకలు. ఇంజెక్టర్‌కి (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగం) వెళ్లే వైర్ల తొడుగు వేలెడు మేర కొరికేసి, రాగి తీగలు మెరుస్తూ కనిపిస్తున్నాయి. చూసుకోకుండా సెల్ఫ్ కొట్టి ఉంటే ఆ తీగలు ఒకదానికొకటి తగిలి ఫ్యూజ్ పోయేది, ఖర్మ బాగోకపోతే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అదే ఈసీఎం, పోయేది. ఆటో ఎలక్ట్రీషియన్ వచ్చి తీగలు అతికి టేపు చుట్టి వెళ్లాడు, చిన్న ఖర్చుతో పోయింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తెరవండి, ఎలుకలు అందులోనూ గూడు పెడతాయి. కలరా ఉండలు, పొగాకు పెడితే రావని అందరూ చెప్తారు. నేనూ పెట్టాను. వాసన ఉన్నన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత పొగాకు పక్కనే కాపురం పెడతాయి.

ఎలుకల సంగతి తేలాక డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి ఇంజిన్ ఆయిల్, డబ్బాలో కూలెంట్, బ్రేక్ ఆయిల్ చూడండి. బండి కింద నేల మీద మరకలున్నాయేమో వంగి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్టే, ఇక స్టార్ట్ చేసే ఆలోచన మానుకుని మెకానిక్‌ని పిలవండి.

ఇప్పుడు బ్యాటరీ. పూర్తిగా పడిపోతే రిమోట్ పనిచేయదు, రిమోట్ లోపల దాచి ఉండే మామూలు తాళంతో డ్రైవర్ తలుపు తీయాలి. తాళం లోపల వదిలి బ్యాటరీ వైర్లు కలపకండి, కొన్ని బండ్లు కరెంటు రాగానే వాటంతటవే లాక్ అయిపోతాయి. మల్టీమీటర్ ఉంటే పెట్టి చూడండి. 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. నా సలహా అయితే జంప్ స్టార్ట్ (పక్క కారు బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు తీసుకుని స్టార్ట్ చేయడం) కన్నా బ్యాటరీ విప్పి షాపులో రాత్రంతా నిదానంగా చార్జింగ్ పెట్టించడమే మంచిది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే వేణ్నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. బ్యాటరీ వయసు నాలుగైదేళ్లు దాటి ఉంటే మాత్రం చార్జింగ్‌తో కాలయాపన వద్దు, కొత్తది వేయించండి.

జంపర్ కేబుల్స్ తప్పకపోతే వరస గుర్తుపెట్టుకోండి. ఎర్ర క్లిప్పు ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో ఎర్రది పక్క కారు పాజిటివ్‌కి. నల్లది పక్క కారు నెగటివ్‌కి, చివరి నల్లది మీ బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, ఆఖరి క్లిప్పు తగిలినప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, అందుకని దూరం. పక్కది పెట్రోలైనా డీజిలైనా ఫర్వాలేదు, కారే అయి ఉండాలి. లారీల్లో చాలావాటికి 24 వోల్టులు, వాటి జోలికి పోవద్దు.

తోసి స్టార్ట్ చేద్దామని వాచ్‌మన్‌తో పాటు నలుగురు చేరతారు. వద్దనండి. సెల్లార్‌లో తోసే చోటెక్కడ?

తాళం ఆన్‌లో పెట్టి రెండు మూడు సెకన్లు ఆగండి, వెనక సీటు కింద పెట్రోల్ పంపు సన్నగా గుయ్‌మంటుంది. ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే పైపుల్లో ప్రెషర్ వస్తుంది. తర్వాత క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లకు మించి తాళం తిప్పి పట్టుకోకండి, ఇంజిన్ అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. ఆరు నెలల పెట్రోల్‌తో బండి చాలావరకు స్టార్ట్ అవుతుంది. కాకపోతే ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్ తేమను లాగేస్తుంది. ట్యాంకు అడుగంటి ఉంటే కొత్త పెట్రోల్ పది లీటర్లు పోయించండి.

స్టార్ట్ అయ్యాక డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ గుర్తు మీదే కన్ను ఉండాలి. కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. మొదట కాసేపు టకటక శబ్దం, సైలెన్సర్ నుంచి నీటి చుక్కలు, తెల్ల పొగ మామూలే. నీలం పొగ ఆగకుండా వస్తే మాత్రం మామూలు కాదు. ఉషారుగా యాక్సిలరేటర్ తొక్కకండి. సెల్లార్‌లో ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

బండి కదలకపోతే హ్యాండ్ బ్రేకు పట్టేసిందన్నమాట. మా బండికి ఈ సమస్య వర్షాకాలం తర్వాత తప్పనిసరి. లివర్ కిందికి దించినా వెనక చక్రం కదలదు. ఫస్ట్ గేరులో కొంచెం ముందుకు, రివర్స్‌లో కొంచెం వెనక్కి మెల్లగా ఊపితే లోపల 'ఠక్' అని వదులుతుంది. వదలకపోతే ఇంజిన్‌ని ఏడిపించకండి. చక్రం విప్పి డ్రమ్ము మీద చెక్కతో తట్టడం మెకానిక్‌కి పది నిమిషాల పని. ముందు డిస్కుల మీది తుప్పు నాలుగైదుసార్లు బ్రేకు వేస్తే గరగరమంటూ పోతుంది. సెల్లార్ ర్యాంపు ఎక్కేముందే బ్రేకు ఆగుతోందో లేదో చూసుకోండి.

టైర్లలో గాలి కొట్టించండి. మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడలాడితే కంగారు అక్కర్లేదు, ఒకేచోట నిలబడినందుకు టైరు అడుగు చదునుగా అయి ఉంటుంది. పక్కల పగుళ్లుంటే మాత్రం మార్చాలి. టైరు మీద డీఓటీ అక్షరాల వరస చివర ఉండే నాలుగు అంకెలు వయసు చెప్తాయి: 2319 అంటే 2019లో 23వ వారం.

తర్వాత అరగంటకు తక్కువ కాకుండా నడపండి. చాలామంది వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి వారానికోసారి ఐదు నిమిషాలు ఆన్ చేయమంటారు. సెల్ఫ్ తినే కరెంటు ఆ ఐదు నిమిషాల్లో సరిగా తిరిగి నిండదు, సైలెన్సర్‌లో నీరు ఆరదు. ఈసారి అన్నయ్య వెళ్లాక నెగటివ్ వైరు విప్పేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వేయకుండా ఫస్ట్ గేరులో వదిలేయండి.

రోడ్డెక్కేముందు పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ చూడండి. పాలసీ గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోతుంది. మీ అన్నయ్యకి వాట్సాప్‌లో ఈ రాత్రే ఆ తేదీ అడగండి.