సంస్కరణలొచ్చాక నర్సు పనిలో నిజంగా ఏం మారింది? నేను చూసింది ఇది

మేనేజ్‌మెంట్ సంస్కరణల వల్ల, అంటే కంపెనీల్లో లాగా టార్గెట్లు, లెక్కలు పెట్టి నడపడం వల్ల, ప్రభుత్వ సర్వీసుల్లో డాక్టర్లు, టీచర్లు, నర్సుల పని నిజంగా మారుతుందా అని అడిగారు కదా. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా 19 ఏళ్లు చేశా, అందులో సగం సంస్కరణలకి ముందు, సగం తర్వాత.

పాత రోజులు బంగారం అని మాత్రం అనను. స్టోర్‌లో మందు ఉందో లేదో ఎవరికీ తెలిసేది కాదు, డ్యూటీకి రానివాళ్ళని అడిగే నాథుడు లేడు. స్టాక్ కంప్యూటర్లోకి ఎక్కాక మందుల తలనొప్పి చాలావరకు పోయింది, ఒప్పుకోవాలి.

కానీ లెక్క మందులతో ఆగలేదు, మనుషుల మీదికొచ్చింది. షిఫ్టుకి ఇన్ని ఎంట్రీలు, ఇన్ని రోజుల్లో డిశ్చార్జ్. ఒక రాత్రి ఆపరేషనైన పెద్దాయన భయంతో నిద్రపోవట్లేదు, పక్కన కూర్చుని అరగంట మాట్లాడితే పడుకున్నాడు, పొద్దున చూస్తే నా పేరు ఎదురుగా ఎంట్రీలు లేటని ఎర్ర రంగు. ఆ అరగంటకి స్క్రీన్ మీద గడి లేదు మరి. అప్పట్నుంచి నాకే తెలీకుండా గడి ఉన్న పనులే ముందు చేయడం మొదలెట్టా. టైం పోవడం చిన్న సంగతండీ, ఏది పని, ఏది కాదు అనేది మన బుర్రలోనే మారిపోతుంది, నన్ను భయపెట్టింది అదే.

మా హెడ్ నర్సు చెయ్యి పట్టుకుంటే చాలు, ఎవరికీ దొరకని నరం దొరికేది. ఆవిడని తీసుకెళ్ళి రిపోర్టులు, మీటింగుల సీట్లో కూర్చోబెట్టారు. ఆర్నెల్లలో మేం అక్కా అనడం మానేసి మేడం అనడం మొదలెట్టాం, ఎవరూ చెప్పలేదు, అదే వచ్చేసింది.

ఇది మా ఒక్కచోటి గోల కాదు. 1980ల నుంచి బ్రిటన్, న్యూజిలాండ్ లాంటి దేశాలు ప్రభుత్వ సర్వీసుల్ని కంపెనీల్లా నడపాలని టార్గెట్లు, కాంట్రాక్టులు తెచ్చాయి, న్యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్ అంటారు దాన్ని. ఇంగ్లండ్ ఎమర్జెన్సీల్లో, వచ్చిన పేషెంట్‌ని 4 గంటల్లోపు ఇంటికి పంపాలి లేదా వార్డుకి పంపాలి అని టార్గెట్ పెడితే వెయిటింగ్ నిజంగానే తగ్గింది, కాకపోతే 4 గంటలు నిండబోయే చివరి నిమిషాల్లో వార్డుకి పంపే కేసులు ఒక్కసారిగా పెరిగేవి. జబ్బు గడియారం చూసుకుని ముదరదు కదా, గడియారం చూసింది స్టాఫే.

తర్వాత నేనొక పని చేశా, రిమార్క్స్ గడిలో ‘పేషెంట్‌తో మాట్లాడాను, 30 నిమిషాలు’ అని ప్రతిసారీ రాయడం. రెండు నెలలకి పైనుంచి ఫోనొచ్చింది, రిమార్క్స్ పొడుగవుతున్నాయి, కాస్త తగ్గించండి అని.