అమ్మ మతిమరుపు: ముందు మందుల చీటీ చూడండి

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి అటెనొలాల్ వాడుతోంది. మూత్రం ఆపుకోలేకపోతోందని ఆర్నెల్ల కిందట ఆక్సిబ్యుటినిన్ మొదలుపెట్టారు. ఈమధ్య అడిగిందే అడుగుతోంది, సంగటికి ఎసరు పెట్టి మరిచిపోతోంది. అల్జీమర్స్‌లో సినాప్స్‌లు దెబ్బతింటాయని చదివాను. వాటిని బాగుచేసే మందు వచ్చిందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పోయిన సినాప్స్‌లను తిరిగి తెచ్చే మందు ఇంకా రాలేదమ్మా. మీరు చదివింది మాత్రం నిజమే. ఒక నాడీకణం నుంచి మరో కణానికి కబురు దాటే చోటే సినాప్స్. మతిమరుపు ఎంత ముదిరిందన్నది మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దల సంఖ్య కన్నా సినాప్స్‌ల నష్టాన్ని బట్టే ఎక్కువగా తెలుస్తుందని 1991లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ టెర్రీ బృందం చూపించింది. ముద్ద కట్టకముందే, కరిగి ఉన్న చిన్న అమిలాయిడ్ గుంపులే సినాప్స్ పనిని చెడగొడతాయని 2002లో మరో అమెరికా పరిశోధకుడు డెనిస్ సెల్కో వాదించారు. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే మందు అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. జబ్బు తొలి దశలో ముదరడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అంతే. మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు కాబట్టి మాటిమాటికీ ఎంఆర్ఐ తీయించాలి.

మీ అమ్మగారి విషయంలో నాకు ముందు అనుమానం ఆక్సిబ్యుటినిన్ మీదే. జ్ఞాపకానికి అవసరమైన సినాప్స్ రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. ఈ బిళ్ల మూత్రాశయంలో దాని పనిని అడ్డుకుంటుంది. మెదడులోకి వెళ్లి అక్కడా అదే చేస్తుంది. మరుపు బిళ్లకు ముందే ఉందా, తర్వాత మొదలైందా? తేదీలు రాసుకుని, ఆ మందు రాసిన డాక్టరుకే చూపించి, మార్చవచ్చేమో అడగండి. జలుబుకని మెడికల్ షాపులో అడిగి కొనే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకు వాడే అమిట్రిప్టిలిన్ కూడా ఈ కోవవే.

రెండోది విటమిన్ బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది తగ్గవచ్చు. రక్తంలో మి.లీ.కు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే, చికిత్స కావాలి. పరీక్షకు ముందే 'బలానికి' అని బి12 ఇంజెక్షన్ వేయించకండి, అంకె పెరిగి లోపం కనబడదు. థైరాయిడ్ (టీఎస్‌హెచ్), సోడియం కూడా చూపించండి. షుగర్ పడిపోతోందేమో గమనించండి. దిగులు, చెవుడు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి.

ఇవన్నీ సరిచేశాకా మరుపు తగ్గకపోతే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, మరోచోటో న్యూరాలజిస్టుకు చూపించండి. అల్జీమర్స్ అని తేలితే సాధారణంగా డొనెపెజిల్ రాత్రిపూట 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, 4–6 వారాలకు 10కి పెంచుతారు. ఇది ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది, జబ్బును ఆపదు. అటెనొలాల్‌తో కలిస్తే నాడి బాగా నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోవచ్చు. అందుకే ముందు ఈసీజీ తీయించాలి. ఆక్సిబ్యుటినిన్, డొనెపెజిల్ రెండూ ఒకే చీటీలో ఉంటే ఒకదాని పనిని ఇంకోటి కొట్టేస్తుంది. డొనెపెజిల్ వల్ల మూత్రం ఆగక, దానికోసం ఆక్సిబ్యుటినిన్ రాయించుకునే వాళ్లూ ఉన్నారు.

ఒక్క రోజులోనే మనిషి గందరగోళంలో పడినా, తలకు దెబ్బ తగిలాక మగతగా ఉన్నా, జ్వరంతో మాట తడబడినా ఈ పరీక్షల వరుస కోసం ఆగకండి. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.