సమాధానం: పికాచు తోకను ఎవరూ మార్చలేదు
పోకెమాన్ కార్టూన్‌లోని పసుపు రంగు పాత్ర పికాచు తోక చివర నలుపు ఉండేదని మీ ఇంట్లో నలుగురూ అంటున్నారు, మధ్యలో మార్చేశారా అని అడిగారు. మార్చలేదండీ. నలుపు ఉండేది చెవుల కొసలకు. తోక ఒంటికి అంటుకునే చోట ముదురు గోధుమరంగు. చెవుల నలుపును మెదడు తోకకూ అంటగట్టి ఉండొచ్చు, కానీ ఇలాంటి పొరపాట్లన్నిటికీ అదొక్కటే కారణం కాదు. 2022లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 బొమ్మలతో పరీక్షిస్తే, 7 బొమ్మల విషయంలో జనం ఒకే తప్పు రూపాన్ని ఎంచుకున్నారు. సరైన బొమ్మను అప్పుడే చూసినవాళ్లలోనూ కొందరు అదే తప్పు గీశారు, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అదే.

ఇంట్లో తేల్చుకోవాలంటే ముందు చర్చ ఆపండి. ఒకరు "నలుపే" అనగానే మిగతావారి జ్ఞాపకం అటే ఒరుగుతుంది. తలో కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి విడివిడిగా గీయించండి. "చివర నల్లగా ఉండేది కదా?" అని మాత్రం అడగొద్దు, జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.