ఆ పిల్ల మాట ఆ పిల్లనే చెప్పనివ్వు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల మొదటి ఆరు అధ్యాయాలూ చదివాను. లండన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా సెయింట్ ఆల్బన్స్ వెళ్ళి, తొమ్మిది వందల ఏళ్ల కిందటి క్రిస్టినా అనే ఇంగ్లండ్ పిల్ల కథను తెలుగులో రాయాలని పూనుకున్నావు. చాలా సంతోషం. "మనవాళ్ళు చదువుతారా మాస్టారూ, పేర్లే నోరు తిరగవు కదా" అని టెన్షన్ పడుతున్నావు. చదువుతారు. ఇష్టం లేని సంబంధం, పరువు పోతుందని పట్టుబట్టే తండ్రి, చేయి చేసుకునే తల్లి, మధ్యవర్తిత్వానికి వచ్చే పెద్దమనుషులు, వీటిని మనవాళ్ళకు వివరించే పని లేదు. పైగా అదే శతాబ్దంలో మన పక్కనున్న కన్నడదేశంలో అక్కమహాదేవి కౌశికుడనే రాజును కాదని, చెన్నమల్లికార్జునుడే నా మగడని శ్రీశైలం చేరింది. ఆమెను ఎరిగిన పాఠకులకు నీ క్రిస్టినా పరాయిది కాదు.

నాకు అడ్డం తగిలింది పేర్లు కాదు, నీ నాలుగో అధ్యాయం. హంటింగ్‌డన్ ఊళ్ళో, సొంత ఇంట్లో, తండ్రి ఔటి ఎదుట నిలబడి క్రిస్టినా రెండు పేజీలు మాట్లాడుతుంది. నా బతుకు నాది, నా నిర్ణయం నాది, ఆడపిల్లంటే సంతలో సరుకా అని నిలదీస్తుంది. విడివిడిగా చూస్తే ఏ వాక్యానికీ వంక పెట్టలేను. కానీ ఆ మాటలు నీవి. నువ్వు ఈ కాలంలో పుట్టి, చదువుకుని, నీ ఇంట్లో నువ్వు పోట్లాడి సంపాదించుకున్నవి. వాటిని ఆమె నోట పెట్టేసరికి, ఆమె చేతిలో నిజంగా ఉన్న ఆయుధాన్ని నువ్వే లాగేసుకున్నావు.

ఆ ఆయుధం సంగతి రెండో అధ్యాయంలో నువ్వే రాశావు. క్రిస్టినా అనే పేరు రాకముందు, థియొడోరా అని పిలిచే రోజుల్లో, ఇంకా చిన్నపిల్లగా ఉండగా, అమ్మానాన్నలతో సెయింట్ ఆల్బన్స్ మఠానికి వెళ్ళింది. మఠం తలుపు మీద గోటితో శిలువ గుర్తు గీసింది. తిరుగుదారిలో షిల్లింగ్‌టన్ చర్చిలో పూజ జరుగుతుంటే, వేదిక దగ్గరికి వెళ్ళి ఒక పెన్నీ సమర్పించి, నా కన్యాత్వం నీకే ఇచ్చేశానని దేవుడికి మొక్కుకుంది. మర్నాడు కాదు, ఏళ్ల తరవాత ఆ మొక్కు ఎంత పని చేసిందో చూడు. బర్త్‌రెడ్ అనే పెద్దింటి కుర్రాడి సంబంధం వచ్చినప్పుడు ఆమె "నాకు పెళ్ళి వద్దు" అనలేదు. "నేను ముందే మాట ఇచ్చేశాను" అంది. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది తల్లీ. మొదటి మాటను తండ్రి ఒక్క చెంపదెబ్బతో తీసిపారేయగలడు. రెండో మాటకు జవాబు చెప్పడం తండ్రి తరం కాదు. అందుకే ఆ తగవు ఇల్లు దాటి మఠాధిపతి ఫ్రెడ్‌బర్ట్ దగ్గరికి, అక్కణ్ణించి లింకన్ బిషప్ రాబర్ట్ బ్లోయెట్ దగ్గరికి వెళ్ళింది. బిషప్ మొదట ఆమె పక్షానే తీర్పు చెప్పాడు. తరవాత ఔటి డబ్బు ముట్టజెప్పేసరికి ప్లేటు ఫిరాయించాడు. ఇచ్చిన మాటకు, ఇచ్చిన డబ్బుకు మధ్య జరిగిన ఈ పెనుగులాటే నీ నవల. అది నీ చిత్తుప్రతిలో అరపేజీ కూడా లేదు.

రానల్ఫ్ ఫ్లాంబార్డ్ ఘట్టంలోనూ ఇదే లోపం. అతన్ని సినిమా విలన్‌లా నవ్వించావు. అతను డర్హమ్ బిషప్. అంతకుముందు రెండో విలియం రాజు కొలువులో చక్రం తిప్పినవాడు. క్రిస్టినా పిన్ని ఆల్వేవా అతని దగ్గర ఉండి పిల్లల్ని కన్నది. లండన్ వెళ్ళే దారిలో ఆ బంధుత్వంతోనే హంటింగ్‌డన్‌లో దిగేవాడు. అంటే అతను ఆ ఇంటికి పరాయివాడు కాదు, ఇంట్లోవాళ్ళు తలుపు తీసి ఆహ్వానించే ఘనమైన అతిథి. ఒక రాత్రి ఆమెను తన గదిలోకి రప్పించుకుని పట్టుకున్నప్పుడు ఆమె అరవలేదు. అరిస్తే వచ్చేదెవరు? "తలుపు గడియ వేసి వస్తాను, ఎవరైనా చూస్తే బాగుండదు" అంది. మోసం చెయ్యనని ఒట్టు వెయ్యమన్నాడు. గడియ వేస్తానని ఒట్టు వేసింది. బయటికి వెళ్ళి, బయటి నుంచి వేసింది. ఒట్టు తప్పలేదు! నీ ప్రతిలో ఆమె అతన్ని తోసేసి పారిపోతుంది. తోపులాట ఎవరైనా రాస్తారు. ఒట్టు నిలబెట్టుకుంటూనే తప్పించుకున్న పిల్ల మనకు మళ్ళీ దొరకదు. బర్త్‌రెడ్ సంబంధాన్ని ఎగదోసింది కూడా ఆ అవమానం మింగుడుపడని ఈ బిషప్పేనని మరిచిపోకు.

ఇప్పుడు నువ్వు వదిలేసిన చోటికి వస్తాను. ఒకరోజు చర్చిలో, అందరూ చుట్టూ చేరి, నెలల తరబడి సాగిన బుజ్జగింపులూ బెదిరింపులూ మీద పడి, ఆమె సరేనంది. బర్త్‌రెడ్‌తో నిశ్చయమైపోయింది. నువ్వు దీన్ని పూర్తిగా తీసేశావు. ఎందుకు తీశావో నాకు అర్థమవుతోంది, నాయిక చిన్నబోతుందని భయపడ్డావు. దయచేసి వెనక్కి పెట్టు. మాట మీదే నిలబడ్డ పిల్ల, రెండో మాట ఇచ్చేసింది. ఇక ముందు ఆమె పోరాటం తల్లిదండ్రులతోనే కాదు, తన నోటితో తాను అన్న మాటతో కూడా. పట్టుదల గల పిల్లంటే ఎన్నడూ లొంగనిదని ఎవరన్నారు? లొంగిన మర్నాడు మళ్ళీ లేచి కాదన్నదాని పట్టుదల ఇంకా పెద్దది.

తల్లిదండ్రుల్ని కూడా కాస్త దగ్గరగా చూడు. ఔటి, బియాట్రిక్స్ పాత ఇంగ్లిషు కుటుంబం. 1066లో నార్మన్లు దేశాన్ని గెలుచుకున్నాక, దాదాపు యాభై ఏళ్ళుగా తమవాళ్ళ భూములూ పదవులూ కొత్తవాళ్ళ చేతుల్లోకి పోతుంటే చూస్తూ, వ్యాపారంతో, బిషప్పుల స్నేహాలతో నిలదొక్కుకున్నవాళ్ళు. కూతురు తెలివైనది, వ్యవహారం తెలిసినది. మంచి ఇంట్లో పడితే తమ అందరికీ అండ అవుతుందని ఆశ. ఔటి ఫ్రెడ్‌బర్ట్ దగ్గరికి వెళ్ళి, ఇది ఇలా మొండికేస్తే నలుగురిలో నవ్వులపాలవుతామని మొరపెట్టుకుంటాడు. ఆ తండ్రి గొంతులో బాధ వినిపించాలి. వినిపించాకే, అతను చేసిన పనులు చూపించు. వ్యాపారుల సంఘం విందులో కూతురి పైవస్త్రం తీయించి, లోపలి దుస్తుల చేతులు పైకి మడిపించి, వచ్చినవాళ్ళకు మద్యం పోసే పనికి పెట్టారు. వచ్చినవాళ్ళ పొగడ్తలకూ గుక్కెడు గుక్కెడుగా తాగిన మద్యానికీ మనసు మెత్తబడుతుందని వాళ్ళ లెక్క. ఇంకోసారి విందు మధ్యలోంచి తల్లి ఆమెను లోపలికి లాక్కెళ్ళి, జుట్టు పట్టుకుని, చేతులు నొప్పెట్టేదాకా కొట్టి, ఆ అవతారంతోనే తిరిగి తెచ్చి అతిథుల ముందు నిలబెట్టింది. ఆ మచ్చలు బతికినన్నాళ్ళూ వీపు మీద ఉండిపోయాయి.

బర్త్‌రెడ్‌ను గదిలోకి పంపిన రాత్రులు నువ్వు బాగా రాశావు, వాటిని ముట్టుకోకు. మంచం మీద కూర్చుని అతనికి సిసిలియా పునీతురాలి కథ చెప్పి పంపించేయడం, మరో రాత్రి గోడకూ తెరకూ మధ్య మేకును పట్టుకుని కాళ్ళు పైకి ముడుచుకుని వేలాడటం, తెర మీంచి ఎవరిదో చేయి పాదానికి తగలడం, ఊపిరి బిగపట్టి చదివాను. ఆ నాలుగు పేజీల్లో ఆమె ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వదు గమనించావా?

కాలం విషయంలో ఒక హెచ్చరిక. ఐదో అధ్యాయంలో నీ మతాధికారి, "ఇద్దరి సమ్మతి ఉంటేనే పెళ్ళి, అమ్మాయికి పన్నెండు, అబ్బాయికి పద్నాలుగు నిండాలి" అని గడగడా చెబుతాడు. చర్చి చట్టం ఆ రూపానికి తేలడానికి ఇంకా టైం ఉంది. చర్చి చట్టాలను ఒకచోట కూర్చిన గ్రేషియన్ సంకలనం 1140 ప్రాంతానిది. "నిన్ను చేసుకుంటున్నాను" అని ఇద్దరూ వర్తమానంలో అంటే చాలు, అది పెళ్ళేనని గట్టిపరిచిన పోప్ మూడో అలెగ్జాండర్ కాలం 1159 నుంచి 1181 దాకా. క్రిస్టినా పారిపోయింది అంతకు చాలా ముందు, 1115 ప్రాంతంలో. ఏది పెళ్ళి, ఏది కాదు అన్నది ఇంకా నలుగుతోంది. నలుగుతోంది కాబట్టే బిషప్ తీర్పుకు ధర పలికింది. ఆ సందిగ్ధాన్ని నువ్వు చట్టంతో సరిచెయ్యకు.

ఆ చట్టం పనిచెయ్యడం చూడాలనుకుంటే మూడున్నర శతాబ్దాలు ముందుకు వెళ్ళి, ఇంగ్లండ్‌లోనే పాస్టన్ అనే కుటుంబంవాళ్ళు రాసుకున్న ఉత్తరాలు చదువు. 1449లో ఎలిజబెత్ పాస్టన్ అనే అమ్మాయి, యాభైకి దగ్గరపడ్డ, రోగంతో రూపు చెడిన స్టీఫెన్ స్క్రోప్ సంబంధాన్ని కాదన్నందుకు, తల్లి యాగ్నెస్ వారానికి ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి రోజుకు రెండుసార్లు కొట్టిందనీ, తల రెండు మూడుచోట్ల చిట్లిందనీ ఒక బంధువు రాసింది. అదే ఇంట్లో, ఆమె మేనకోడలు మార్జరీ తమ ఎస్టేట్ వ్యవహారాలు చూసే రిచర్డ్ కాల్‌తో రహస్యంగా ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. 1469లో నార్విచ్ బిషప్ ఆమెను పిలిపించి, సరిగ్గా ఏ మాటలు అన్నావో చెప్పమన్నాడు. చెప్పింది. ఆ మాటలు చాలకపోతే ఇక్కణ్ణించి కదలకముందే వాటిని ఇంకా గట్టిచేస్తానంది. తల్లి తలుపు మూసేసింది, పెళ్ళి మాత్రం నిలబడింది. మార్జరీది నీ క్రిస్టినా దారి కాదు, ఒకామె పెళ్ళి తప్పించుకోవాలనుకుంది, ఒకామె కోరిన పెళ్ళి నిలబెట్టుకోవాలనుకుంది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది మాత్రం తామిచ్చిన మాటే.

ఇక పారిపోయే రోజు. నువ్వు గుర్రాన్నీ మగవేషాన్నీ పట్టుకున్నావు, అవి ఎవరి కంటికైనా పడతాయి. ఆమె కథ రాసిన సెయింట్ ఆల్బన్స్ సన్యాసి ఆమెను పునీతురాలిగా నిలబెట్టాలనే రాశాడు, అయినా చిన్న వివరం ఒకటి వదల్లేదు. ఔటి తన వెండి బంగారాల పెట్టె తాళాలు ఈ కూతురికే అప్పగించాడు. కోపం పట్టలేక ఒక రాత్రి ఒంటి మీద లోదుస్తులు తప్ప అన్నీ ఒలిపించి, ఆ తాళాలు లాక్కుని, బయటికి గెంటబోయాడు కూడా. పారిపోయే రోజుకు అవి మళ్ళీ ఆమె దగ్గరే ఉన్నాయి. పైబట్టల కింద దాచుకున్న మగవాళ్ళ దుస్తుల చేతికొస జారి వేలాడుతుంటే, తోడబుట్టిన మటిల్డా చూసి అదేమిటని అడిగింది. నడవడానికి అడ్డొస్తోంది, నువ్వు ఇంటికెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళమని ముసుగుబట్ట చేతిలో పెట్టింది. దానితోపాటు తాళాలూ ఇచ్చింది. నాన్న వచ్చి పెట్టెలోంచి ఏదైనా తియ్యాలనుకుంటే, తాళాలు లేవని కోప్పడకూడదు కదా అని. ఇల్లు వదిలి పోయే పిల్ల, తండ్రి సొత్తులో గవ్వ కూడా ముట్టకుండా, తండ్రికి ఇబ్బంది కలగకూడదని చూసింది. ప్రేమా తెగింపూ రెండూ ఆ ఒక్క పనిలో ఉన్నాయి. నీ నాలుగో అధ్యాయం ఉపన్యాసం మొత్తం తీసేసి, ఆ జాగాలో ఈ తాళాలను మొదటిసారి చూపించు. ఇంట్లో ఆమెకున్న నమ్మకం ఎంతటిదో ముందే తెలిస్తేనే ఇక్కడ పాఠకుడి గుండె కలుక్కుమంటుంది.

పారిపోవడంతో నవల ముగించాలని ఉందన్నావు. వద్దు. ముప్పై మైళ్ళకు పైగా స్వారీ చేసి ఫ్లామ్‌స్టెడ్‌లో ఆల్ఫ్‌వెన్ అనే ఏకాంతవాసిని దగ్గర రెండేళ్ళు, ఆ పైన మార్కియేట్‌లో రోజర్ అనే ముని ఆశ్రమంలో నాలుగేళ్ళు దాక్కుంది. రోజర్ గది పక్కన జానాబెత్తెడు ఇరుకులో, అడ్డంగా పెట్టిన దుంగ వెనక, చలికి నిండా కప్పుకునే చోటు కూడా లేక, బయట ఎవరికీ తెలియకూడదని పగలల్లా కదలక మెదలక కూర్చుంది. తరవాత బర్త్‌రెడ్ తనంతట తానే వచ్చి ఆమెను విడిచిపెట్టాడు, యార్క్ ఆర్చిబిషప్ థర్‌స్టన్ ఆ పెళ్ళిని రద్దు చేశాడు. 1145లో ఆమె ఆధ్వర్యంలో మార్కియేట్‌లో సన్యాసినుల మఠం వెలిసింది. కాదన్నందుకు ఆమె కట్టిన మూల్యం అలా దాక్కున్న ఆరేళ్ళలో ఉంది, గుర్రం మీది ఆరు గంటల్లో కాదు. కనీసం రెండు అధ్యాయాలు దానికి కేటాయించు.

మొత్తం ఒకేసారి తిరగరాయాలని కూర్చోకు, చేతులాడవు. ముందు మటిల్డా ఘట్టం ఒక్కటి రాసి పంపు. ఆ సన్యాసి అక్కడితో క్రిస్టినా గుర్రం వెంట వెళ్ళిపోతాడు. నువ్వు కాసేపు వెనకే ఉండు. ముసుగుబట్టా తాళాలూ పట్టుకుని ఇల్లు చేరిన మటిల్డాను తండ్రి ఏమడిగి ఉంటాడు, ఆమె ఏం చెప్పి ఉంటుంది, అది మాత్రం నువ్వే ఊహించి రాయాలి.

నీ మేలు కోరే
మాస్టారు