స్టెయిన్‌లెస్ స్టీలుకు టంకం ఎందుకు పట్టదు?

ప్రశ్న: విరిగిన చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేన్ని అతికించాలని చూస్తున్నాను. రేడియో మరమ్మతులకు వాడే టంకం తీగతో ఎంతసేపు ప్రయత్నించినా అది తామరాకు మీది నీటిబొట్టులా జారిపోతోంది. ఇంకా పెద్ద సోల్డరింగ్ ఐరన్ కొనమంటారా?

జవాబు: ఐరన్ కాదు, ముందు ఫ్లక్స్, అంటే టంకం పట్టేలా లోహపు ఉపరితలాన్ని శుభ్రం చేసే పదార్థాన్ని, మార్చండి. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలమంతటా కంటికి కనిపించని ఆక్సైడ్ పొరగా ఏర్పడుతుంది. స్టీలును తుప్పు నుంచి కాపాడే ఆ పొరే టంకాన్ని లోహం దాకా చేరనివ్వదు; గరుకు కాగితంతో రుద్ది తొలగించినా వెంటనే మళ్లీ పుట్టుకొస్తుంది. మీ తీగలో ఫ్లక్స్‌గా ఉండే రోజిన్ (దేవదారు జాతి చెట్ల బంక) రాగికి సరిపోతుంది గానీ ఈ పొరను కరిగించలేదు. అందుకు ఫాస్ఫారిక్ ఆమ్లంతోనో జింక్ క్లోరైడ్‌తోనో చేసిన, స్టెయిన్‌లెస్ స్టీలుకు ఉద్దేశించిన ఫ్లక్స్ కావాలి.

వేడి పెంచడం చాలాసార్లు చెరుపే చేస్తుంది. ఈ స్టీలు రాగితో పోలిస్తే సుమారు ఇరవై ఐదో వంతు వేడిని మాత్రమే ప్రసరింపజేస్తుంది కనుక, ఐరన్ ఆనిన చోటే వేడి నిలిచిపోయి, ఫ్లక్స్ మాడి, ఆక్సైడ్ మరింత మందమవుతుంది. సన్నని మొన కన్నా వెడల్పు మొన మేలు.

అతికే భాగాలను రుద్ది, జిడ్డు తుడిచి, వెంటనే ఫ్లక్స్ పూసి, రెండు ముక్కలకూ విడివిడిగా పలుచగా టంకం పట్టించండి. ఈ మెట్టును దాటవేయడం వల్లనే ఎక్కువ అతుకులు ఊడిపోతాయని నా అభిప్రాయం. తరువాత రెండింటినీ కదలకుండా బిగించి కలిపి వేడిచేయండి. 96.5 శాతం తగరం, 3.5 శాతం వెండి గల టంకం 221 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దానిలో సీసం ఉండదు. ఆహారం తగిలే వస్తువులకు సీసం కలిసిన టంకాన్ని ఎన్నడూ వాడవద్దు.

ఈ ఫ్లక్స్ చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, గాలి ఆడేచోట పని చేయండి. చివర వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో, ఆపైన మంచినీటితో బాగా కడగండి, ఎందుకంటే మిగిలిపోయిన క్లోరైడ్ స్టీలులో గుంటలు పడేలా తినేస్తుంది.

మీ కొక్కెం బరువు మోసేదైతే విరిగిన అంచులను ఎదురెదురుగా పెట్టి టంకం వేస్తే నిలవదు. ఒక ముక్క మీదికి మరొకటి వచ్చేలా, లేదా రెండింటినీ కప్పే చిన్న గొట్టం తొడిగి అతకండి. అంతకు మించిన బలం కావాలంటే 600 డిగ్రీలు దాటిన వేడిలో వెండి మిశ్రమంతో చేసే బ్రేజింగే తగినది.